నిద్ర పట్టని రాత్రి: ఒక ధర్మ విచారము

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖము ఎరుగదు అని మన పెద్దలు చెబుతారు. అలసిన శరీరము రాతిమీదనైనా నిద్రిస్తుందని దాని భావము. ఈ సామెత అసత్యము కాదు. అయితే అది చెప్పని మాట ఒకటి ఉన్నది. శరీరము ఎంత అలసినా మనస్సు శాంతించకపోతే పట్టుపరుపు మీద కూడ కన్ను మూతపడదు. పగలంతా పొలములో శ్రమించినవాడు రాత్రి నులకమంచము మీద పొర్లుతూ కోడికూత కోసము ఎదురుచూచే కాలము ప్రతి కుటుంబములోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కూతురి పెండ్లి, కోర్టు వ్యాజ్యము, ఎండిన పంట, ఆసుపత్రిలో ఉన్న బిడ్డ, గడువు దాటిన అప్పు, ఇలా కారణము ఏదైనా కావచ్చును. అట్టి కాలములో నిద్ర పట్టని మనిషి ధర్మము ఏమిటి? అతని ఇరుగుపొరుగున సుఖముగా నిద్రిస్తున్న మన ధర్మము ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను విడదీయకుండ విచారించడము ఈ వ్యాసము ఉద్దేశము.

నిద్ర పట్టనివానిని చూచి లోకము రెండు విధాలుగా మాట్లాడుతుంది. కొందరు "ఏదో తప్పు చేసి ఉంటాడు, అందుకే మనస్సు నిలువనీయడము లేదు" అంటారు. మరికొందరు "భగవంతుని మీద భారము వేయలేని అల్పవిశ్వాసి" అంటారు. మాటలు వేరైనా రెండింటిలోను తీర్పు ఒక్కటే: నిద్రలేమి అతని దోషము. ఈ తీర్పు ఎంతవరకు న్యాయము?

మహాభారతములోని ఉద్యోగపర్వములో ప్రజాగర పర్వమనే ఘట్టమున్నది. ప్రజాగరమనగా నిద్రలేక మేల్కొని ఉండడము. పాండవుల వద్దకు రాయబారము వెళ్ళి వచ్చిన సంజయుడు వారి సందేశమును మరునాడు సభలో వినిపిస్తానని చెప్పి, ధృతరాష్ట్రుని నిందించి వెళ్ళిపోతాడు. ఆ రాత్రి రాజుకు నిద్ర పట్టదు. అతడు విదురుని పిలిపించుకొంటాడు. లోకములో విదురనీతిగా ప్రసిద్ధి పొందినది ఆ రాత్రి జరిగిన సంభాషణయే. విదురుడు ముందుగా నిద్ర ఎవరికి దూరమవుతుందో లెక్కించి చెబుతాడు. బలవంతుని దాడికి గురియైన బలహీనుడు, సాధన సంపత్తి నశించినవాడు, సొమ్ము కోల్పోయినవాడు, కాముకుడు, దొంగ. ఆ తరువాత, నీవు పరధనము మీది ఆశతో తపించడము లేదు కదా అని రాజును ప్రశ్నిస్తాడు.

ఈ జాబితాను మనము సాధారణముగా త్వరగా దాటిపోతాము. కొంత నిలిచి చూస్తే అందులో గొప్ప వివేకము కనిపిస్తుంది. మొదటి ముగ్గురు అన్యాయానికో ఆపదకో గురియైనవారు. చివరి ఇద్దరు తమ కోరికకు తామే బానిసలైనవారు. దొంగకూ నిద్ర లేదు, దొంగతనమునకు గురియైనవానికీ నిద్ర లేదు. కనుక నిద్ర పట్టలేదన్న ఒక్క విషయము చూచి మనిషి గుణమును నిర్ణయించలేము. హాయిగా నిద్రించే ప్రతివాడు పుణ్యాత్ముడనీ చెప్పలేము. నిద్రలేమి తీర్పు కాదు, అది ఒక ప్రశ్న. "నిన్ను మేల్కొలిపి ఉంచినది నీవు పట్టుకొని వదలనిదా, లేక ఇతరులు నీ మీద మోపినదా?" అన్నదే ఆ ప్రశ్న. సమాధానమును బట్టి కర్తవ్యము మారుతుంది.

మన నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాలను తలచుకొంటే ఈ విచారము పుస్తకము విడిచి నేల మీదికి వస్తుంది. కృష్ణానది ఈ జిల్లాల అంచున పారుతూనే ఉన్నది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది, 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలైనది. మిర్యాలగూడ వైపు భూములు ఆ నీటితో పచ్చబడినా, దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వంటి మెట్టలలో రైతు చాలాకాలము బోరుబావిని నమ్ముకొనవలసి వచ్చినది. ఒక బోరులో నీరు పడకపోతే మరొకటి వేయడము, దానికి మిత్తికి డబ్బు తేవడము, పంట ఎండితే మిత్తి మీద మిత్తి పెరగడము ఇక్కడ తెలియని కథ కాదు. వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా వచ్చిన సంవత్సరాలలో రాత్రి వంతు రైతు పాలిట శిక్షగా ఉండేది. అర్ధరాత్రి ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసము బావి వద్ద కాచుకొని ఉండడము, చీకటిలో పాముకాటు, తడిచేతితో స్టార్టరు తాకి ప్రాణము పోగొట్టుకోవడము మన పల్లెలు చూచినవే.

ఆ బాధ తప్పించుకొనడానికి చాలామంది ఆటోస్టార్టర్లు బిగించుకొన్నారు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే నడుస్తుంది, రైతు ఇంట పడుకొనవచ్చును. కాని ఊరి మోటర్లన్నీ ఒకే గడియలో నీరు తోడితే భూగర్భజలము అడుగంటుతుంది. ఒకరి నిద్ర కోసము అమర్చిన ఉపాయము పొరుగువాని బోరును ఎండగట్టి అతని నిద్రను హరించినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణ ప్రభుత్వము వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తును ప్రకటించినప్పుడు ఆటోస్టార్టర్లను తొలగించుకొనమని రైతులను కోరడానికి కారణము ఇదే. దీనినుండి గ్రహించవలసిన ధర్మసూక్ష్మమున్నది. ఒకరి నిద్ర, మరొకరి నిద్ర వేరు వేరు ఆస్తులు కావు. భూమి క్రింది నీటివలె అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్నవి.

అయితే కరెంటు పగలు వచ్చినంత మాత్రాన అందరికీ రాత్రి నిద్ర వచ్చినదా? మోటరును ఆపడానికి మీట ఉన్నది. మనస్సులో తిరిగే లెక్కకు మీట లేదు. "పత్తి అమ్మితే ఎంత, షావుకారుకు ఎంత, మిగిలినది ఎంత" అని రాత్రి రెండు గంటలకు వేసిన లెక్క, మూడు గంటలకు మళ్ళీ మొదటినుండి మొదలవుతుంది. పగటి లెక్కకు ఒక ఫలితము ఉంటుంది. రాత్రి లెక్కకు ఉండదు. ఆ గడియలో బ్యాంకు తెరిచి ఉండదు, మార్కెట్ యార్డు తెరిచి ఉండదు, సలహా చెప్పే మనిషి మేల్కొని ఉండడు. ఏ పనియూ చేయడానికి వీలులేని సమయములో చేసే ఆలోచన ఆలోచన కాదు, అది మనస్సు పడే యాతన మాత్రమే.

ఇక్కడ నిద్ర స్వభావమును కొంచెము తెలుసుకొనవలెను. జ్యూరిచ్‌ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రజ్ఞుడు 1982లో నిద్రను రెండు శక్తుల కలయికగా వివరించాడు. మేల్కొని ఉన్నకొద్దీ శరీరములో పేరుకొనే నిద్ర అవసరము ఒకటి. వెలుగు చీకట్లతో సరిపోలుతూ నడిచే లోపలి గడియారము రెండవది. ఈ రెండును కలిసిన సమయములో నిద్ర తనంతట తాను వస్తుంది. మనము దానిని లాగి తేలేము. పైగా ఈ రోజు ఎట్లయినా నిద్రపోయి తీరాలని పట్టుపట్టినకొద్దీ మనస్సు కాపలాదారువలె మేల్కొంటుంది. ఇది రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దుక్కి దున్నడము, విత్తనము వేయడము, నీరు పెట్టడము అతని పని. మొలకను చేతితో పైకి లాగితే అది పెరగదు, తెగుతుంది. నిద్ర విషయములోను మనము చేయదగినది నేలను సిద్ధము చేయడము మాత్రమే.

ఆ సిద్ధము చేయడములో వైద్యశాస్త్రము చెప్పే నియమాలు కఠినమైనవి కావు, ఖర్చుతో కూడినవీ కావు. రాత్రి ఎంత సేపు మేల్కొన్నా ఉదయము ఒకే వేళకు లేవవలెను. లేవగానే ఎండ వెలుగులో కొంతసేపు గడపవలెను. పగటి నిద్రను మానవలెను, లేదా కొద్దిసేపటికి పరిమితము చేయవలెను. సాయంత్రము తరువాత టీ త్రాగరాదు. నిద్ర ముంచుకొని వచ్చినప్పుడే మంచమెక్కవలెను. ఎంతకూ కన్ను మూతపడకపోతే పొర్లుతూ పడి ఉండక లేచి, మసక వెలుగులో ఏదైనా నిదానమైన పని చేసి, నిద్ర వచ్చిన తరువాతనే తిరిగి పడుకొనవలెను. ఈ చివరి నియమాన్ని 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనోవైజ్ఞానికుడు ప్రతిపాదించాడు. మంచము చింతకు స్థానమైపోతే, దానిని చూడగానే మనస్సు చింతించడానికే సిద్ధమవుతుందన్నది అందలి తత్త్వము. ఇటువంటి అలవాట్లతోను, ఆలోచనల సవరణతోను కూడిన చికిత్సనే దీర్ఘకాల నిద్రలేమికి మందులకంటె ముందుగా ఇవ్వవలెనని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించినది. వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అది మూడు నెలలు సాగితే దానిని దీర్ఘకాలమైనదిగా వైద్యులు పరిగణిస్తారు. అంతవరకు ఆగకుండ వైద్యుని సంప్రదించడము మేలు.

రాత్రి లెక్కకు కూడ ఒక మందున్నది. సంధ్యాసమయములో, దీపము పెట్టిన తరువాత, ఇంటిలోని పెద్దలందరూ కూర్చొని అప్పెంత, రాబడి ఎంత, రేపు చేయవలసిన ఒక్క పని ఏది అని కాగితము మీద వ్రాసి ఆ కాగితమును మూసివేయవలెను. మన ఇండ్లలో పురుషుడు అప్పును భార్యకు చెప్పకుండ దాచడము మర్యాదగా భావిస్తాడు. కాని దాచిన అప్పును అతడు ఒక్కడే మోస్తాడు. ఇల్లాలు కారణము తెలియని భయముతో ప్రక్కనే మేల్కొని ఉంటుంది. ఒక రహస్యము ఇద్దరి నిద్రను తింటుంది. చెప్పుకొన్న బాధ తీరకపోవచ్చును, కాని అది సగానికి తగ్గిన సందర్భాలు అనేకము.

మేల్కొనడము మన సంప్రదాయములో పుణ్యకార్యము కాదా అని కొందరు అడుగవచ్చును. శివరాత్రినాడు శ్రీశైలములోను, దాని ఉత్తరద్వారముగా భావించే ఉమామహేశ్వరములోను, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయములోను భక్తులు జాగరణ చేస్తారు. ఆ మేల్కొనుటకును, చింతతో మేల్కొనుటకును పోలిక కంటికి మాత్రమే. జాగరణను మనిషి తానుగా ఎన్నుకొంటాడు. అది ఎప్పుడు ముగుస్తుందో అతనికి తెలుసు. ప్రక్కన పదిమంది ఉంటారు. చింత మనిషిని ఎన్నుకొంటుంది. అది ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ఊరంతా నిద్రించగా అతడు ఒంటరిగా ఉంటాడు. కనుక నిద్రలేమిని వ్రతముగా భావించి గర్వపడడము తగదు, దానిని పాపఫలముగా భావించి క్రుంగడమూ తగదు. ఆ సమయములో శివనామము స్మరించడము మంచిదే. అయితే నిద్ర రావడానికి మాత్రగా నామమును వాడి, నిద్ర రాకపోతే నామము మీద విశ్వాసము పోగొట్టుకొనరాదు.

మరొక సందేహము. ఇంత పని మిగిలి ఉండగా, ఇన్ని బాధ్యతలు ఉండగా నిద్రించడము బాధ్యత తప్పించుకొనడము కాదా? శరణులు కాయకాన్ని కైలాసముగా భావించినవారు. కాయకమనే మాటలోనే కాయము ఉన్నది. శరీరముతో చేసే సత్యమైన శ్రమయే కాయకము. కమ్మరి కొలిమిని, సాలె మగ్గమును కాపాడుకొన్నట్లే, శ్రమించేవాడు తన శరీరమును కాపాడుకొనవలెను. నిద్రలేనివాని చేతిలో కొడవలి తప్పుతుంది, వాహనము తప్పుతుంది, మాట కూడ తప్పుతుంది. రాత్రంతా బిడ్డ కోసము ఆందోళన చెందిన తండ్రి పగలు అదే బిడ్డమీద చేయి చేసుకొంటాడు. కనుక నిద్ర కాయకానికి శత్రువు కాదు, దానికి మూలధనము.

కల్యాణములో ఆయ్దక్కి మారయ్య అనే శరణుడు ఉండేవాడు. బసవన్న ఇంటి వాకిట రాలిన బియ్యము ఏరి తెచ్చుకొని జీవించడము, శరణులకు పెట్టడము అతని కాయకము. ఒకనాడు అతడు ప్రతిదినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చాడు. భార్య లక్కమ్మ అది చూచి, మన అవసరానికి మించినది మనకెందుకు, ఎక్కడిది అక్కడ వదిలి రమ్మన్నదని కథ. ఈ కథను ధనము విషయములోనే చెప్పుకొంటాము. దానిని చింతకు కూడ అన్వయించుకొనవచ్చును. రేపటి దుఃఖమును, ఎల్లుండి అవమానమును, వచ్చే సంవత్సరపు కరువును ఈ రాత్రి ఒక్క మూటలో కట్టుకొని తెచ్చుకోవడము అవసరానికి మించిన సంగ్రహమే. ఈ రోజు భాగము ఈ రోజుకు చాలును.

కాని ఇక్కడ ఆగితే అది సగము ధర్మమే అవుతుంది. లక్కమ్మ మాట ఎక్కువ తెచ్చుకొన్నవానికి చెప్పినది. ఈ పూట గింజలు కూడ లేనివానికి, రేపు ఉదయము ఇంటి ముందు అప్పులవాడు నిలువబోతాడని తెలిసినవానికి "రేపటి చింత మానుము" అని చెప్పడము ఉపదేశము కాదు, ఉదాసీనత. అతడు చింతను తెచ్చుకోలేదు, అది అతని ఇంటికి వచ్చినది. విదురుని జాబితాలోని మొదటి ముగ్గురికి మనోనిగ్రహము బోధించేముందు, వారి మీద పడిన భారములో మనము ఏ మూల పట్టగలమో చూడవలెను.

భారము పట్టేవారు లేనిచోట నిద్రను అమ్మేవారు వస్తారు. దీనికి మన ప్రాంతమే సాక్ష్యము. అసలైన తాటికల్లు, ఈతకల్లు స్థానములో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన కల్తీ కల్లు పల్లెలలోకి వచ్చినది. ఈ మూడును అసలు నిద్రకో, ఆందోళన తగ్గడానికో వైద్యములో వాడిన మందులు. వాటిలో క్లోరల్ హైడ్రేటును 1869 నుండియే నిద్రమందుగా వాడారు. దుకాణము ముందు రోజూ నిలిచినవారిలో మత్తుకోసము వచ్చినవారు కొందరైతే, ఒళ్ళు నొప్పులు, మనస్సు నొప్పులు మరచి రాత్రి గడుపుకొనడానికి వచ్చిన కూలీలు మరికొందరు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతాలలో అనేకులు వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రమాత్రలు అలవాటైనవారు కూడ దీనిని గుర్తుంచుకొనవలెను. వైద్యుడు చెప్పక వాటిని మొదలు పెట్టరాదు, వైద్యుడు చెప్పక ఒక్కసారిగా ఆపరాదు. కల్లు, సారా తొందరగా మత్తు కలిగించినా తెల్లవారుజాము నిద్రను చెడగొడతాయి. మత్తు వేరు, నిద్ర వేరు.

మరి మనము చేయగలిగినది ఏమిటి? దాసోహమనగా అన్నము పెట్టడము ఒక్కటే కాదు. తనకున్నది తనది కాదని తెలిసి, అవసరమున్నవానికి వినయముతో అందించడము దాసోహము. ఆ దృష్టితో చూస్తే ఇతరుల నిద్రను కాపాడడము కూడ దాసోహమే. అప్పు ఇచ్చినవాడు నలుగురిలో కేకలు వేయకుండ, రాత్రివేళ కబురు పంపకుండ, పగలు కూర్చొని వాయిదా మాట్లాడడము దాసోహము. తమ్ముని పంపకములో నిలిపి ఉంచిన రెండు గుంటలను సరిచేసి ఇవ్వడము దాసోహము. ఆసుపత్రిలో రోగి ప్రక్కన నాలుగు రాత్రులు మేల్కొన్న తల్లిని ఇంటికి పంపి అయిదవ రాత్రి తాను కూర్చొనడము దాసోహము. హైదరాబాదుకో ముంబయికో వలసపోయిన కొడుకు క్షేమము తెలియక అరుగుమీద మేల్కొని ఉండే వృద్ధుల వద్ద సాయంత్రము ఒక గంట గడపడము దాసోహము. కూలీల గుంపును తీసుకొనిపోయే మేస్త్రీ చెప్పిన కూలిని చెప్పిన రోజున చెల్లించడము దాసోహము. వీటిలో ఏదియూ గొప్ప త్యాగము కాదు. కాని ఒక్కొక్కటి ఒక ఇంటిలో ఒక రాత్రిని తిరిగి ఇస్తుంది.

ముఖ్యముగా మాటలో మార్పును గమనించవలెను. అనేక రాత్రులు నిద్ర లేనివాడు "ఇక నాతో కాదు, నేను లేకుంటేనే అందరికీ మేలు" అన్నప్పుడు దానిని విసుగుగా తీసిపారవేయరాదు. ఈ రెండు జిల్లాల పల్లెలలో అట్టి మాటను తేలికగా తీసుకొని తరువాత విలపించిన ఇండ్లు ఉన్నవి. ఆ రాత్రి అతనిని ఒంటరిగా విడువరాదు. పురుగుల మందు డబ్బాను ఇంటినుండి తీసివేయవలెను. తెల్లవారగానే వైద్యుని వద్దకు వెంట పోవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఎప్పుడైనను ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. సహాయము కోరడము అవమానము కాదు, విశ్వాసలోపమూ కాదు. ధృతరాష్ట్రుడు ఎన్ని దోషములు కలవాడైనా, నిద్ర పట్టని రాత్రి ఒక మంచి పని చేశాడు. తన మనస్సుతో తాను పోరాడుతూ కూర్చొనక, నిజము చెప్పగల మనిషిని పిలిపించుకొన్నాడు. అతడు చేయనిది ఒక్కటే. విన్న మాటను ఆచరించలేదు, పరుల భాగమును తిరిగి ఇవ్వలేదు. అందువలన ఎంత నీతి విన్నా అతనికి శాంతి కలుగలేదు.

కనుక నిద్ర పట్టనివాడు తనను తాను అడుగవలసినది ఇది: నేను పట్టుకొని వదలనిది ఏదైనా ఉన్నదా? ఉంటే దానిని వదలడము, తిరిగి ఇవ్వడము అతని వంతు. లేకపోతే తనను తాను నిందించుకొనక శరీరనియమము పాటించి, నోరు తెరచి సహాయము కోరడము అతని వంతు. పడుకొనగానే కన్ను మూతపడే అదృష్టవంతులకు కూడ ఒక ప్రశ్న ఉన్నది. దీపము ఆర్పే ముందు దానిని వేసుకొనడానికి ఒక్క నిమిషము చాలును. ఈ రాత్రి నా మాటవలన గాని, నా అప్పువలన గాని, నా మౌనమువలన గాని నిద్ర లేనివారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారని తోచితే తెల్లవారిన తరువాత చేయవలసిన మొదటి పని ఏదో తెలిసినట్లే.